ఆల్చిప్ప గుడ్డుకూ ఒక అదను

ఆవు ఎదకు రాకముందే సూది వేయిస్తే ఏమవుతుందో పాడి చేసే మీకు వేరే చెప్పనక్కరలేదు. దుడ్లు పోతాయి, ఆవు చూలు కట్టదు. ఎద దాటిపోయాక వేయించినా అంతే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాడు ఉదయం వేయించమని పశువుల డాక్టరు చెప్పేది అందుకే. సరిగ్గా ఇలాంటి అదనే ఆల్చిప్ప గుడ్డుకూ ఉంది. ఆ అదను ఎప్పుడు వస్తుందో కనిపెట్టడానికి, రాకపోతే రప్పించడానికి శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా తంటాలు పడుతున్నారు.

"ఆల్చిప్పతో మాకేం పని, మామిడికాయ చెక్కు తీయడానికి తప్ప?" అని మీరనవచ్చు. పని పడుతోంది కాబట్టే చెప్పుకోవలసి వస్తోంది. మీ కుంటలో ముత్యాలు పండించండి, ఆల్చిప్పలు మేమిస్తాం, పండిన ముత్యాలు మేమే కొంటాం అంటూ ప్రకటనలు, ఫోన్లలో వీడియోలు ఈమధ్య ఊరూరా తిరుగుతున్నాయి. అర ఎకరా, ఎకరా ఉన్నవాళ్లు, చెనిక్కాయ పోయి మామిడికి ధర లేక విసిగినవాళ్లు వాటిని ఆశగా చూస్తున్నారు. ఆశ పడటం తప్పు కాదు. అయితే దుడ్లు కట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ఆల్చిప్ప ఎక్కడ పుట్టింది? హేచరీలోనా, ఎవరి ఊరి చెరువులోనా? ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే గుడ్డు దగ్గర నుంచీ రావాలి.

మన కొండల వాన, పులికాట్ ఆల్చిప్ప

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ వైపు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. దానితోపాటు పులికాట్ సరస్సులో పెద్ద భాగమూ వచ్చింది. మన దేశంలో చిలకా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కొంగలు, ఫ్లెమింగోల కోసం అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ నీళ్ల అడుగున రాళ్లకు, పాత గుల్లలకు అతుక్కుని ఆల్చిప్పలు బతుకుతాయి. శాస్త్రవేత్తలు దీన్ని క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అంటారు. తినడానికి పనికివచ్చే రకం ఇది. ఇసుకలో, బురదలో కూరుకుని ఉండే గుల్లలు వేరు. తాంబూలంలో రాసుకునే గుల్ల సున్నం అలాంటి చిప్పలను కాల్చి చేసేదే.

ఆనాటి మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ అనే ఆంగ్లేయుడు 1910 ప్రాంతంలో ఈ పులికాట్‌లోనే ఆల్చిప్పల పెంపకానికి పూనుకున్నాడు. పెంచాలంటే పిల్ల కావాలి. పిల్ల కావాలంటే అవి ఎప్పుడు గుడ్లు వదులుతాయో తెలియాలి. మద్రాసు తీరపు కయ్యల్లో ఆల్చిప్ప గుడ్లు వదలడానికి అసలు కారణం ఏమిటని ఆయన అప్పట్లోనే వెతికాడు. ఇలాంటి ఉప్పునీటి కయ్యల్లో బతికే ఆల్చిప్పలకు నీటి ఉప్పుదనంలో వచ్చే మార్పు పెద్ద సంకేతం. ఎండాకాలమంతా నీళ్లు ఆవిరై ఉప్పు గట్టిపడుతుంది. తర్వాత వానలు పడి ఏళ్లు పారితే ఉప్పు పలచబడుతుంది. వేడి, మేత, ఉప్పు, మూడూ మారే ఆ సమయంలో పక్వంగా ఉన్న ఆల్చిప్ప గుడ్లు వదిలేస్తుంది.

ఆ పారే ఏళ్లు ఎక్కడివి? పిచ్చాటూరు దగ్గర ప్రాజెక్టు కట్టిన అరణియార్ తమిళనాడు మీదుగా పోయి పులికాట్‌లోనే కలుస్తుంది. సూళ్లూరుపేట పక్కగా పారే కాళంగి కూడా అంతే. మన తూర్పు కొండల్లో కార్తీకమాసపు వాన కురిస్తే ఆ నీళ్లు పోయి అక్కడి ఆల్చిప్పకు కబురు చెబుతాయన్నమాట. ఆ ఏళ్లు పారకపోయినా, సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోయినా ఆ కబురు అందదు. వరద మరీ ఎక్కువై మంచినీళ్లు చాలాకాలం నిలిచిపోతే ఆల్చిప్ప చచ్చిపోతుంది. వానను నమ్ముకున్న సేద్యం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

వానను నమ్ముకుని హేచరీ నడపలేరు గదా. అందుకే ఆ సంకేతాన్ని తొట్టిలో కల్పించడం నేర్చుకున్నారు.

కాయ ముదరాలి, తర్వాత మాగాలి

ఇక్కడ రెండు సంగతులు వేరు చేసి చూడాలి. తోతాపురి కాయ చెట్టు మీద ముదరడం ఒకటి. కోసి గడ్డిలో వేశాక మాగడం ఇంకొకటి. ముదరని కాయను ఎన్ని రోజులు మాగవేసినా ముడతలు పడుతుంది గానీ పండదు. ఆల్చిప్ప గుడ్డులోనూ ఈ రెండు దశలున్నాయి.

మొదటిది గుడ్డు పెరగడం. తల్లి మేత బాగా తిని లోపల కొవ్వు, పిండిపదార్థం కూడబెట్టుకుంటే గుడ్డు ఆ నిల్వతో నిండుతుంది. దీనికి వారాలు పడుతుంది. గుడ్డు నిండిపోయాక కూడా పని అయిపోదు. నిండిన గుడ్డు అక్కడే ఆగి నిద్రపోతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే దాని మధ్యలో పెద్ద గుండ్రటి తేటగుడి కనిపిస్తుంది. అదే గుడ్డులోని కేంద్రకం. ఆ తేటగుడి ఉన్నంతసేపూ గుడ్డు నిద్రలో ఉన్నట్టే. దాని పొర కరిగిపోయి, తల్లి వంతు లక్షణాలు సగానికి తగ్గే పని మొదలైతే అది మేలుకున్నట్టు. దీనినే గుడ్డు పక్వం కావడం అంటారు. శుక్రకణం వచ్చి కలవాల్సిన అదను ఇదే.

గుల్లలన్నింటికీ ఒకే నియమం లేదండోయ్. అమెరికా తీరంలో సర్ఫ్ క్లామ్ అనే పెద్ద గుల్ల నిద్రలో ఉన్న గుడ్లనే బయటికి వదులుతుంది, శుక్రకణం తాకితేనే అవి మేలుకుంటాయి. పులికాట్ రకం ఆల్చిప్ప దారి వేరు. దాని గుడ్డు సముద్రపు నీళ్లు తగిలితే చాలు, మెల్లగా తానే మేలుకుంటుంది. కాబట్టి బాగా ముదిరిన ఆల్చిప్పను చీల్చి, గుడ్లను బయటికి తీసి సముద్రపు నీళ్లలో వేస్తే మొదట జామకాయలా సాగి ఉన్నవి అరగంట, గంటలో గుండ్రంగా మారతాయి. అప్పుడు మగదాని పాలు కలిపితే పిల్ల పడుతుంది. ముత్యపు చిప్ప విషయంలో ఈ సులువు పనికిరాదు. దాన్ని చీల్చి గుడ్లు తీస్తే తేటగుడి అలాగే ఉండిపోతుంది, పాలు కలిపినా ఫలితం ఉండదు. మన దగ్గర ఇసుకలో దొరికే గుల్లలు చాలావరకు ఈ రెండో కోవవే.

జపాన్‌లో ముత్యపు చిప్పల మీద పనిచేసినవారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. సముద్రపు నీళ్లలో బహు స్వల్పంగా అమ్మోనియా కలిపి, తీసిన గుడ్లను కాసేపు అందులో ఉంచారు. గుడ్డు లోపలి క్షారగుణం కొద్దిగా పెరిగి తేటగుడి కరిగిపోయింది. వెంటనే మంచి సముద్రపు నీళ్లతో కడిగి పాలు కలిపితే పిల్ల పడింది. పలమనేరు, కుప్పం వైపు పట్టు రైతులకు ఇలాంటిది కొత్త కాదు. బైవోల్టిన్ పట్టుపురుగు గుడ్లను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి నిద్ర లేపడం వారు విన్నదే. అక్కడ ఆమ్లం, ఇక్కడ క్షారం. అయితే పట్టుపురుగు గుడ్డులో పిల్ల అప్పటికే పడి ఉంటుంది. ఇక్కడ పిల్ల పడటానికే గుడ్డును సిద్ధం చేస్తున్నారు.

ఒక హెచ్చరిక. అమ్మోనియా మంచిదట అని ఎవరూ కుంటలో యూరియా గుమ్మరించకండి. గుడ్డుకు కొన్ని నిమిషాల పాటు చుక్కల లెక్కన ఇచ్చేది వేరు, కుంటనిండా కలిసేది వేరు. కుంటలో అమ్మోనియా పెరిగితే చేపలు, ఆల్చిప్పలు రెండూ చస్తాయి.

హేచరీలో ఏం చేస్తారు

చేపకు సూది వేసి గుడ్లు పెట్టించడం మీకు తెలుసు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన దేశపు పెద్ద జాతి చేపలతో చెరువులోనే గుడ్లు పెట్టించాడు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఇవాళ మీ కుంటలో వేసే బొచ్చె, రోహు పిల్ల ఆ పద్ధతి పుణ్యమే. అంతకుముందు గోదావరి, గంగ లాంటి నదుల్లో వరదకు కొట్టుకువచ్చే పిల్లను పట్టుకుంటేనే గతి.

మరి ఆల్చిప్పకూ అదే సూది వేయవచ్చు గదా అంటే వేయలేరు. దానికి పిట్యూటరీ లేదు. ఆ మాటకొస్తే తలే లేదు! రెండు చిప్పల నడుమ మొప్పలు, కడుపు, కొన్ని నరాల ముడులు, అంతే. అందుకే దాని నరాలనో, చుట్టూ ఉన్న నీళ్లనో పట్టుకోవలసి వచ్చింది.

ముందుగా తల్లిని ముదర్చాలి. అమెరికాలో మిల్‌ఫర్డ్ ప్రయోగశాలలో లూసనాఫ్ అనే శాస్త్రవేత్త 1940లలో దీన్ని పద్ధతిగా చేసి చూపించాడు. నడి చలికాలంలో ఆల్చిప్పలను తెచ్చి, నీటి వేడిని మెల్లమెల్లగా పెంచుతూ మేత పెడితే కొన్ని వారాల్లోనే గుడ్లు నిండాయి. బయట మంచు కురుస్తుంటే లోపల వేసవి అనుకున్నాయి పాపం. మన వేడి దేశంలో చిక్కు తిరగబడుతుంది. ఇక్కడ ఆల్చిప్పను ముదర్చడం కష్టం కాదు, ముదిరినదాన్ని చెప్పిన రోజు దాకా గుడ్లు వదలకుండా ఆపడం కష్టం. అందుకని చల్లటి గదిలో, చల్లబరచిన నీళ్లలో పెట్టి మేపుతారు. మేత అంటే తవుడు, చెక్క కాదు. కంటికి కనబడని పాచి. ఐసోక్రైసిస్, కీటోసిరాస్ అనే రకాలను గాజు సీసాల్లో, తొట్లలో విడిగా పెంచి, బంగారు రంగు నీళ్లు చేసి పోస్తారు. హేచరీలో సగం చాకిరీ ఈ పాచి పెంపకానిదే. పాచి చెడితే అంతా చెడినట్టే.

తర్వాత ఉలికిపాటు కలిగించాలి. అన్నింటికన్నా సులువైనది, చవకైనది వేడి. చల్లటి నీళ్లలో ఉన్నవాటిని తీసి కొన్ని డిగ్రీలు వెచ్చటి నీళ్లలో వేస్తారు. కాసేపుంచి మళ్లీ చల్లటి నీళ్లలోకి, మళ్లీ వెచ్చటి నీళ్లలోకి. ముదిరినవైతే కొద్ది గంటల్లో మగవి మొదలుపెడతాయి. నీళ్లలో పాలపొగలా తెలుపు లేస్తుంది. ఆ పాలు తగిలితే ఆడవి కూడా గుడ్లు వదులుతాయి. వేడికి లొంగకపోతే ఒక మగదాన్ని చీల్చి దాని పాలు తొట్టిలో కలపడం కూడా అందుకే.

దానికీ లొంగకపోతే మందులు. తూత్తుకుడిలో ముత్యపు చిప్పలకు సముద్రపు నీళ్ల పి.హెచ్.ను ట్రిస్ బఫర్ కలిపి 9 దాకా పెంచి చూశారు. హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియం హైడ్రాక్సైడు కూడా వాడి చూశారు. ఇంకొకటి సెరొటోనిన్. ఇది మన నరాల్లోనూ ఉండే పదార్థమే. 1982లో జపాన్‌లో మత్సుతాని, నొమురా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్కాలప్ అనే గుల్లకు దీన్ని సూదితో ఇచ్చి గుడ్లు వదిలించారు. 1984లో అమెరికాలో గిబ్బన్స్, కస్తాన్యా ఆరు రకాల గుల్లల్లో చేసి చూపారు. చిప్పను మూసే కండలోకి అర మిల్లీలీటరు కూడా దాటని మోతాదు చాలు. విచిత్రమేమంటే ఈ సెరొటోనిన్ రెండు పనులూ చేస్తుంది. తల్లి గుడ్లు వదిలేలా చేస్తుంది, సర్ఫ్ క్లామ్ లాంటి గుల్లల్లో గుడ్డులోని తేటగుడిని కూడా కరిగిస్తుంది. అంటే గుడ్డు మీద నేరుగా పనిచేసే కబురు అదే అన్నమాట. తల్లి నుంచి విడదీసిన గుడ్డును సైతం గాజుపాత్రలో మేలుకొలపవచ్చని దీనితో తెలిసింది.

ఏ మందు వాడినా ముదరని గుల్ల మీద పనిచేయదు. బలవంతాన వదిలించినా ఆ గుడ్లలో పిల్ల సరిగా పడదు, పడినా నాలుగు రోజులు దాటదు. ఇది హేచరీలో పనిచేసే ప్రతివారికీ తెలిసిన సంగతే. మేత పెట్టడం మాని మందు మీద ఆధారపడినవాడు నష్టపోతాడు. పైరు సంగతీ మీకు తెలుసు గదా, ఎరువు లేని మడికి టానిక్కులు కొట్టినట్టు.

ఆల్చిప్ప ఆడదో మగదో పైకి తెలియదని ఇక్కడే చెప్పాలి. పులికాట్ రకంలో చాలావరకు చిన్నప్పుడు మగవిగా ఉండి పెద్దయ్యాక ఆడవిగా మారతాయి కూడా. చీల్చి, లోపలి మీగడ లాంటి పదార్థాన్ని చుక్క తీసి నీళ్లలో కలిపితేనే తెలుస్తుంది. రవ్వలా విడిపోతే గుడ్లు, పాలలా పొగలు పోతే మగ.

గుడ్లను జల్లెడ పట్టి కడిగి, కొలత ప్రకారం పాలు కలుపుతారు. ఇక్కడ చెయ్యి జారకూడదు. ఎక్కువ పాలు పోస్తే ఎక్కువ పిల్ల అనుకోవడం సహజం. కాని ఒక గుడ్డులోకి రెండు మూడు శుక్రకణాలు దూరితే ఆ పిల్ల వంకరపోయి చస్తుంది. గుడ్లన్నీ ఒకేసారి పక్వం కావడం ఎందుకు కావాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొన్ని మేలుకుని కొన్ని నిద్రలో ఉంటే, పాలు ఒకసారి పోస్తే సగం వృథా, రెండుసార్లు పోస్తే మొదటివి పాడు.

ఆపైన వేగం చూడాలి. గంట అటూఇటూగా గుడ్డు రెండుగా చీలుతుంది. ఒక రోజులో రెండు చిన్న చిప్పలు కట్టుకుని ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో ఈదుతుంది. రెండు మూడు వారాలు ఈది, కాలు మొలిచి, చోటు వెతుక్కుని ఏ పాత చిప్పకో అతుక్కుంటుంది. క్రాసోస్ట్రియా తల్లి ఒక్కసారి కోటి గుడ్ల దాకా వదలగలదు. అందులో చిప్పకు అతుక్కునేదాకా మిగిలేవి చాలా కొద్ది.

తూత్తుకుడి దారి పట్టిన కారణం

మన్నారు సింధుశాఖలో ముత్యాల వేట ఎంత పాతదో అందరికీ తెలుసు. మునిగి తెచ్చిన చిప్పలను కుప్పలు పోసి వేలం వేసేవారు. ఆ వేట 1961తో ఆగిపోయింది. తర్వాత పాదుల్లో చిప్పలు చాలినన్ని లేవు. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తూత్తుకుడిలో పని మొదలుపెట్టి, 1973లో అళగర్‌స్వామి నాయకత్వంలో గుండ్రటి ముత్యాన్ని పెంచి చూపింది. గెలిచారనుకున్నారు. కాని ముత్యం చేయడం తెలిసినా చిప్పలు లేకపోతే ఎలా? ఆ ఇబ్బంది 1981లో హేచరీలో ముత్యపు చిప్ప పిల్లను పుట్టించాకే తీరింది. తినే ఆల్చిప్ప పిల్లను కూడా ఆ దశకంలోనే అక్కడ తయారు చేశారు. ముత్యం నేర్చుకోవడం ఒక ఎత్తు, పిల్లను పుట్టించుకోవడం ఇంకో ఎత్తు. రెండోది లేనివాడు ఎన్నాళ్లయినా ఏరుకుని తెచ్చుకోవలసిందే.

ఇక మీ కుంట సంగతి

మీకు ఇస్తామని చెప్పే ఆల్చిప్ప ఇవేవీ కాదు. అది మంచినీటిది. లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే రకం దీనికి ఎక్కువ వాడతారు. మన చెరువుల్లో తూము దగ్గర బురదలో కాలికి తగిలే నల్లటి చిప్ప అదే. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్రీయ మంచినీటి జలచర సంస్థ 1980ల చివరి నుంచి దీనిలో ముత్యాలు పెంచే పద్ధతిని తయారు చేసింది. పద్ధతి నిజమే, మోసం కాదు. చిప్పను కొద్దిగా తెరిచి లోపల బీజం పెట్టి, వల సంచుల్లో కుంటలో వేలాడదీసి, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పెంచుతారు.

చిక్కంతా దీని కాన్పులో ఉంది. ఇప్పటిదాకా మనం చెప్పుకున్న ఉప్పునీటి ఆల్చిప్ప గుడ్లను నీళ్లలోకి వదిలేస్తుంది. అందుకే తొట్టిలో పక్వం చేసి కలపగలిగారు. మంచినీటిది అలా వదలదు. గుడ్లను తన మొప్పల్లోనే దాచుకుంటుంది. మగది నీళ్లలో వదిలిన శుక్రకణాలు ఆడదాని ఊపిరితో లోపలికి పోయి అక్కడే పిల్ల పడుతుంది. పిల్లలు అర మిల్లీమీటరు కూడా ఉండవు. బయటికి వచ్చాక ఏదో ఒక చేప మొప్పనో రెక్కనో కరుచుకోవాలి. కొన్నాళ్లు దాని ఒంటి మీద బతికి, మారి, రాలి, బురదలో పడితేనే అది ఆల్చిప్ప అవుతుంది. చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. కాబట్టి వెచ్చటి నీళ్లు, అమ్మోనియా, సెరొటోనిన్, వీటితో ఇక్కడ పని సగం కూడా జరగదు. చేపను కూడా తొట్టిలో పెట్టాలి, లేదా చేప రక్తంలాంటి పోషక ద్రవాన్ని తయారు చేసుకోవాలి. ప్రయోగశాలల్లో ఇవి చేసినవారున్నారు, చైనాలో చేపల మీద పెద్దయెత్తున చేస్తారు. మన దగ్గర మాత్రం ముత్యాల సాగు చాలావరకు చెరువుల్లో, ఏళ్లలో ఏరి తెచ్చిన చిప్పల మీదే నడుస్తోంది.

బీజం పెట్టడానికి 8 సెంటీమీటర్లు దాటిన చిప్ప కావాలి. అంత కావడానికి ఏళ్లు పడుతుంది. ఒక ఊరి చెరువులో పెద్ద చిప్పలన్నీ ఏరేస్తే వెళ్లిపోయేవి తల్లులే. మరుసటి ఏడు మీకు ఎవరు ఇస్తారు? ఇచ్చేవాడు ఇంకో చెరువు వెతుక్కుంటాడు, రేటు పెంచుతాడు. ఆల్చిప్ప పాచిని తిని నీళ్లను తేటగా ఉంచుతుంది. నేలపట్టు వైపు కనిపించే నత్తగుల్ల కొంగకు అది కూడా మేత. చెరువు పంచాయతీదో, మత్స్యకార సంఘం పాటదో అయివుంటే ఏరడానికి వారి అనుమతి కూడా కావాలి. పులికాట్ వైపు వాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ సరస్సులో చాలా భాగం పక్షుల అభయారణ్యం. అటవీశాఖవారిని అడగకుండా అక్కడ ఏ పెంపకానికీ దిగకూడదు.

మరో అడ్డంకి నీళ్లది. చిప్పలు వేలాడేది ఏడాదికి పైగా. మన కుంటలు, చెరువులు ఎన్ని ఏడాది పొడుగునా నిలుస్తాయి? మార్చి దాటితే కట్ట కింద పశువులు తిరిగే చెరువులే ఎక్కువ. బోరు మీద ఆధారపడితే ఏప్రిల్, మేలో బోరు ఏం చేస్తుందో మీకు అనుభవమే. పధ్నాలుగో నెలలో నీళ్లు అయిపోతే ముత్యమూ లేదు, చిప్పా లేదు. నా మటుకు నేను, ఏడాదంతా నాలుగడుగుల నీళ్లు నిలవని కుంట ఉన్నవారు ఈ సాగు వైపు చూడకపోవడమే మేలంటాను. అలాంటి కుంటలో ఆరేడు నెలల చేప పంటే నయం.

నీళ్లు నిలిచే కుంట ఉండి, చేసి చూద్దామనుకునేవారు ముందు అడగవలసినవి అడగండి. చిప్పలు ఎక్కడివి, ఎప్పుడు ఏరినవి? ఏరి తెచ్చాక ఎన్ని రోజులు తొట్టిలో ఉంచి చూశారు? తిరిగి కొంటామన్న మాట కాగితం మీద ఉందా, ఏ కొలత ముత్యానికి ఏ ధర, చచ్చిన చిప్పల నష్టం ఎవరిది? ఎక్కువ చెప్పి తప్పుకునేవారు ఈ చివరి ప్రశ్న దగ్గరే తడబడతారు. దుడ్లు కట్టే ముందు మీ మండలం మత్స్యశాఖ అధికారిని గాని, నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య శాస్త్ర కళాశాలవారిని గాని ఒకసారి కలవండి. మొదటి ఏడు వందల లెక్కన కాక, పదుల లెక్కన వేసి చూడండి.

మీ సొంత కుంటలోనే చిప్పలను పెరగనివ్వాలనుకుంటే దానికీ దారి ఉంది. అడుగున ప్లాస్టిక్ షీటు కాక బురద ఉండాలి, నీళ్లలో చేపలు ఉండాలి, నీళ్లు ఎండకూడదు. పి.హెచ్. 7కు తగ్గకుండా, నీళ్లలో సున్నం పాలు తగినంత ఉంటే చిప్ప గట్టిపడుతుంది. మన బోరు నీళ్లలో సున్నానికి సాధారణంగా కొదువ ఉండదు. చిప్పలు ఏరేటప్పుడు ఒక్కొక్కదాన్ని కొద్దిగా, చిప్ప విరగకుండా తెరిచి మొప్పలు చూడండి. పలుచగా, వలలా ఉంటే సరే. ఉబ్బి, దిండులా మందంగా కనిపిస్తే అది పిల్లలను మోస్తున్న తల్లి. దాన్ని తెచ్చిన చోటే, చేపలు తిరిగే లోతు తక్కువ బురదలో తిరిగి నాటండి.